ఓజు సమాధి మీద పేరు లేదు!

జపాన్ వెళ్ళే సినిమా పిచ్చివాళ్ళు తప్పకుండా చూసే గుడి ఒకటుంది. కామాకురా ఊళ్ళోని ఎంగాకుజీ. ‘జీ’ అంటే బౌద్ధాలయం. టోక్యో నుంచి రైల్లో సుమారు గంట ప్రయాణం. కిత కామాకురా స్టేషన్లో దిగితే పక్కనే గుడి. విచిత్రమేమంటే, రైలు పట్టాలు గుడి ఆవరణలోంచే పోతాయి!

‘లేట్ స్ప్రింగ్’ (1949) చూసినవాళ్ళకి ఈ స్టేషన్ కొత్త కాదు. యసుజిరో ఓజు ఆ చిత్రాన్ని ఇక్కడే మొదలుపెట్టాడు. అందులో కథానాయిక సెత్సుకో హారా నటన మానేశాక ఈ కామాకురాలోనే ఉండిపోయి, 2015లో కన్నుమూసింది.

పొడవాటి చెట్ల మధ్య మెట్లెక్కితే, రెండంతస్తుల కొయ్య ద్వారం. గాలిగోపురం మీద ఉన్నట్టు బొమ్మల్లేవు, రంగుల్లేవు. మొదటిసారి చూసేసరికి ‘ఇంతేనా?’ అనిపించింది. కాసేపు దాని కింద నిలబడ్డాక మాట్లాడబుద్ధి కాలేదు! లోపలి మందిరంలో బుద్ధుడికి కిరీటం ఉంది. 1923 భూకంపంలో కూలిన ఆ మందిరాన్ని 1964లో కాంక్రీటుతో తిరిగి కట్టారు.

ఈ గుడి పుట్టుక మరీ గొప్పది. 1274లో, 1281లో మంగోలులు జపాన్ మీదికి దండెత్తి ఓడిపోయారు. గెలిచిన హోజో తోకిమునే 1282లో ఈ గుడి కట్టించాడు. ఎవరికోసం? చచ్చిపోయిన తనవాళ్ళకోసమే కాదు, శత్రువులకోసం కూడా! ఇది జెన్ శాఖవారి గుడి. ఆ ‘జెన్’ మరేదో కాదు, మన ‘ధ్యానం’! చైనాలో ‘చాన్’ అయి, జపాన్ చేరేసరికి అలా మారింది.

ఇక శ్మశానవాటిక. ఓజు 1903 డిసెంబర్ 12న పుట్టి, 1963లో సరిగ్గా అదే రోజున పోయాడు. నిండా అరవై ఏళ్ళు. కెమెరాని నేలకి దగ్గరగా పెట్టి, 50కి పైగా చిత్రాలు తీసిన మనిషి. ‘టోక్యో స్టోరీ’ (1953) చూసి కళ్ళు తుడుచుకోనివాళ్ళు తక్కువ. అంతటివాడి సమాధి ఎలా ఉంటుందనుకుంటారు? నల్లటి రాయి. దానిమీద పేరు లేదు, బిరుదు లేదు, చిత్రాల జాబితా లేదు. ఒకే ఒక్క అక్షరం... ‘ము’. అంటే ‘లేదు’, ‘శూన్యం’ అని!

దాని ముందు అభిమానులు పెట్టివెళ్ళిన సాకే సీసాలు. ఓజుకి మందంటే ఇష్టమని వాళ్ళకి తెలుసు మరి!

మన దగ్గర పోస్టర్ మీద పేరు ఎంత పెద్దదైతే మనిషి అంత గొప్ప. ఇక్కడ పేరే లేదు. అయినా మనుషులు వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు!