ఏ జనం రాలేదు?

నా థీసిస్‌లో ఒక వాక్యం ఉంది. సినిమా వచ్చాక, ఆపైన టీవీ వచ్చాక సురభి నాటకాలకు జనం రావడం తగ్గిపోయిందని. నేను చదివిన పుస్తకాల్లో దాదాపు అందరూ అన్నదే కాబట్టి ఎవరూ అడ్డుచెప్పలేదు, నాకూ అనుమానం రాలేదు. దాన్ని పుస్తకంగా తెద్దామని దిద్దుకుంటూ, పోయిన సంక్రాంతికి వరికుంటపాడు వెళ్లినప్పుడు అమ్మకు ఆ అధ్యాయం చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గర చేత్తో ఆపింది.

"ఏ జనం మే రాంది?"

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ఊళ్లో ఒక సురభి సమాజం గుడారం వేసింది. ఉదయగిరి రోడ్డు పక్క బీట్లో. మొదటి రాత్రి మాయాబజార్. తాతయ్య ఒళ్లో కూచుని చూశాను. ఘటోత్కచుడు గాల్లో తేలుతూ దిగాడు. తీగలు కనబడుతూనే ఉన్నాయి, అయినా నమ్మాను. ఆ రాత్రి నేల టికెట్టు, కుర్చీ టికెట్టు రెండూ నిండాయి. వారం తిరిగేసరికి సగం నేల ఖాళీ. "వానల్లేవు, ఇళ్లల్లో టీవీలొచ్చె. పాపం, కరెంటు డబ్బులన్నా రావు వీళ్లకి" అన్నాడు తాతయ్య. నెల రోజులు ఆడదామని వచ్చినవాళ్లు పదిహేను రోజులకే గుంజలు పీకారు.

ఆ పొద్దున బడికి పోతూ ఆగి చూశాను. ముందు రాత్రి శశిరేఖ వేసినామె మూడురాళ్ల పొయ్యి ముందు కూచుని చంటిదానికి అన్నం కలిపి పెడుతోంది. చెవుల వెనక రంగు ఇంకా పోలేదు. గిన్నెలో అన్నం కొంచెమే ఉంది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన నాటకం ఇది. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లోనే ఆ కుటుంబాల ఆడవాళ్లు రంగస్థలం ఎక్కారు. ఆ సురభిలోంచి వచ్చిన కమలాబాయే 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి. గుడారాన్ని ఖాళీ చేసిందంటున్న సినిమాకి తన నటిని ఇచ్చిందీ గుడారమే! ఇదంతా నేను ఎంతో ఇష్టంగా రాశాను. తెరకు అవతల ఉన్న ఆడవాళ్ల మీద నలభై పేజీలు. ఇవతల కూచోవలసినవాళ్ల మీద ఒక్క పేరా లేదు.

"మీ తాత పోయినాడు, మీ నాయన పోయినాడు, నిన్ను ఎత్తకపోయినారు. మేం పోతే గొడ్లకాడ ఎవురుండాల? అర్ధరాత్రి దాటినాక ఆడోళ్లు రోడ్డెమ్మట నడిచొస్తే ఊరేమంటది?" అంది అమ్మ. పాలు పోసిన డబ్బుల్లోంచి రెండు టికెట్లకు సరిపడా తీసి పోపుల డబ్బాలో దాచిందట, తనకూ నాయనమ్మకూ. రేపు పోదాం, రేపు పోదాం అని నాన్న పదిహేను రోజులు గడిపాడు. దళితవాడ ఆడవాళ్లు మాత్రం కూలికి పోయొచ్చి కూడా నేల టికెట్టు కొని చూశారట. గడప దాటనిది మా వీధి పరువే. దీన్ని పితృస్వామ్యం అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు అలవాటే. కానీ ఆ మాటలో మా వీధి కులం కనబడదు. దాచిన డబ్బులూ కనబడవు.

"రోజూ దొడ్లో నిలబడి వింటా ఉంటి. మైకు బాగా వినపడేది. ఘటోత్కచుడు ఎట్టుంటాడో తెలవదు గానీ గొంతు ఇప్పుటికీ గుర్తే."

పోపుల డబ్బాకీ ఆ మూడురాళ్ల పొయ్యికీ మధ్య దూరం ఎంతని? మా దొడ్లోంచి గుడారం దీపాలు కనబడేవి. మా వీధిలో ఇరవై ఇళ్లుంటే, ఇంటికి ఇద్దరి చొప్పున లెక్కేసినా నలభై టికెట్లు. ఆ రాని టికెట్లను నేను సినిమా ఖాతాలో రాసేశాను. సినిమా దెబ్బ తీయలేదనను. కానీ సినిమా హాలుకు మా అమ్మ మ్యాట్నీకి పోయేది. పగటిపూట కాబట్టి పోనిచ్చేవాళ్లు.

ఆ వాక్యం కొట్టేశాను. దాని చోట రాసింది ఇప్పటికి మూడుసార్లు మార్చాను.

తిరిగి వచ్చే రోజు బస్సు కోసం నిలబడ్డప్పుడు అమ్మ అడిగింది, సురభివాళ్లు ఇప్పుడూ ఆడతన్నారా అని. హైదరాబాదులో ఆడుతుంటారమ్మా, ఈసారి వస్తే తీసుకుపోతానన్నాను.

"ఎన్నింటికి వదుల్తారు?" అంది.