చాక్లెట్టు చొక్కా తొడుక్కున్న చెనక్కాయ

మా ఆండిపట్టి వైపు పుట్టి పెరిగినవాళ్ళకు చెనక్కాయను గురించి కొత్తగా చెప్పవలసిందేమీ ఉండదు. 1959లో కట్టిన వైగై ఆనకట్ట మాకు కూతవేటు దూరంలోనే ఉన్నా, మెట్టచేలకు వానే దిక్కు. ఆడి నెలలో విత్తనం వేసి ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడం మా రైతులకు అలవాటే. ఆ విత్తనాల కోసం చేతిగాజులు తెచ్చి తాకట్టు పెట్టిన ఆడవాళ్ళను బ్యాంకులో నా బల్ల ముందు ఎందరినో చూశాను. నూరు కిలోల కాయ వలిస్తే సుమారు డెబ్భై కిలోల పప్పు వస్తుందన్న లెక్క నాకు బి.కాం. పుస్తకాలు నేర్పలేదు, వాళ్ళే నేర్పారు.

అలాంటి చెనక్కాయ నా యాభై ఏడో ఏట చాక్లెట్టు చొక్కా తొడుక్కుని అమెరికానుంచి మా ఇంటికి వచ్చింది!

మొన్న వేసవి సెలవులకు మా అమ్మాయి న్యూజెర్సీనుంచి ఏడేళ్ళ కూతురితో వచ్చింది. వాళ్ళ పెట్టెలో ఈ బిస్కట్ల డబ్బా ఉంది. రెండు బిస్కట్ల నడుమ పీనట్ బటర్, అంటే వేయించిన పప్పును వెన్నలా నూరిన ముద్ద, పెట్టి, పైనంతా చాక్లెట్టు పూశారు. చాక్లెట్టులోని కోకో వెన్న దాదాపు 34 డిగ్రీల వేడికే కరుగుతుంది. మా మే నెల ఎండ అంతకు మించినది కదా! డబ్బా తెరిచేసరికి బిస్కట్లన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయి. ఫ్రిజ్‌లో పెట్టి విడదీయవలసి వచ్చింది.

కొరికితే ముందు చాక్లెట్టు తీపి, తరువాత బిస్కట్టు కరకర, ఆపైన వేయించిన పప్పు కమ్మదనం, చివరకు నాలుకమీద ఉప్పు. బెల్లం పాకానికి అలవాటుపడ్డ నోటికి ఆ ఉప్పు వింతగానే ఉంది గాని, రెండోది కూడా తిన్నాను. మూడోది తింటే దాహం వేస్తుంది.

అసలు సంగతి మా అమ్మది. ఆమెకు ఎనభై దాటాయి. మా ఇంటి తెలుగు, చుట్టూ ఉన్న తమిళం తప్ప మరో మాట రాదు. మనవరాలికి ఇంగ్లీషు తప్ప మరొకటి నోట రాదు. వారం రోజులపాటు ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకోవడంతోనే సరిపోయింది. ఒకనాటి రాత్రి అమ్మ నాతో, “దానికి నా మాట తెలీదు, నాకు దాని మాట తెలీదు. నేను పొయ్యేలోపల అది నన్ను ఏమని గుర్తు పెట్టుకుంటుంది రా?” అన్నది. నాకు జవాబు దొరకలేదు.

మరునాడు పాప ఒక బిస్కట్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అమ్మ చిన్న ముక్క నోట్లో వేసుకుని, “ఇది మన చెనక్కాయే గదే! వేయించి, తొక్క తీసి, ఉప్పేసి నూరినారు” అన్నది. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పగానే పాప కళ్ళు పెద్దవి చేసింది. పెద్దవ్వకు ఇది ఎలా తెలుసు?

ఎలా తెలుసో అమ్మ చేతులతోనే చూపించింది. ఇనపమూకుట్లో పప్పు వేయించింది. పాప చేత తొక్కలు నలిపించి, చేటలో చెరిగించింది. రోట్లో వేసి దంచుతుంటే పొడి కాస్తా ముద్ద అయింది. “పీనట్ బటర్!” అని పాప కేక వేసింది. నిజమే. ఆ పప్పులో దాదాపు సగం నూనే. బాగా నలిగితే అది బయటికి వచ్చి పొడిని వెన్నలా చేస్తుంది. మాంట్రియల్ వాడైన మార్సెలస్ ఎడ్సన్ 1884లో అమెరికాలో పేటెంటు పొందింది ఇలాంటి ముద్దకే. అమ్మ దానిలో బెల్లం కలిపి ఉండలు చుట్టింది. ఇవి బడికి తీసుకుపోతానంటే వాళ్ళ బడిలో చెనక్కాయ నిషేధమట. కొందరు పిల్లలకు అది పడక ప్రాణం మీదికే వస్తుందని విని అమ్మ నివ్వెరపోయింది.

ఆ పూట పాప నేర్చుకున్న మాటలు: తొక్క, చేట, రోలు, ఉండ. ఇక చెనక్కాయ సరేసరి. హైదరాబాదువాడైన మా అల్లుడు దాన్ని పల్లీ అంటాడు, పుస్తకాలు వేరుశనగ అంటాయి, మా ఇరుగుపొరుగు కడలై అంటారు, తమిళంలోనే మణిలాకొట్టై అన్న పేరూ ఉంది. ఇన్ని పేర్లున్నా అది పుట్టింది మాత్రం దక్షిణ అమెరికాలో. ఓడలెక్కి ఇక్కడికి వచ్చిన కాయ. మదురలో 1529లో మొదలైన నాయకుల ఏలుబడి కాలంలో మన పెద్దలు ఎందరో ఈ వైపు వచ్చి స్థిరపడినట్టే, అదీ వచ్చి ఈ మట్టిలో వేరు పట్టింది. 2020లో కోవిల్పట్టి కడలైమిఠాయికి భౌగోళిక గుర్తింపు దక్కినప్పుడు, ఇది పరాయి కాయ అని ఎవరైనా అన్నారా?

మన తెలుగూ అంతే. మా అమ్మకు తెలుగు అక్షరం రాదు. బళ్ళో కాదు, వంటింట్లో, చేలో, రోటి దగ్గర నాలుగు వందల ఏళ్ళకు పైగా నిలిచిన మాట ఇది. దూరదేశాలనుంచి పిల్లలు వచ్చినప్పుడు “తెలుగులో మాట్లాడు” అని గద్దించేకన్నా వాళ్ళ చేతికి ఒక చేట ఇచ్చి చూడండి. పనితోపాటు మాటా వస్తుంది.

ఇప్పుడు ఆదివారం ఫోను వస్తే మేమంతా పక్కకు తప్పుకోవలసిందే. “పెద్దవ్వా, ఉండ చేసినావా?” అన్నదే మొదటి మాట.