వరద తీసిన తరువాత

ప్రియ చదువరీ, వానకొరకు ఆకాశమువైపు చూచుట మన మెదకు సీమవారికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇచ్చట చెరువు నిండినయెడల ఇంట అన్నముండును. ఎండినయెడల మూటముల్లె కట్టుకొని పట్నము చేరుట తప్పదు. అట్టి సీమమీదికి నీరే ఆపదయై వచ్చిన సంగతినిగూర్చి నీతో కొంచెము మాటలాడ గోరుచున్నాను.

2025వ సంవత్సరము ఆగష్టు 27వ తేది వినాయకచవితి. ఆ దినమును మరునాడును మెదకు, కామారెడ్డి జిల్లాలలో మిక్కుటమైన వాన కురిసెను. కామారెడ్డి జిల్లాలోని అర్గొండలో ఒక్క దినముననే 40 సెంటీమీటర్లకు మించి పడెను. ఈ ప్రాంతమున ఏడాది పొడుగున కురియు వానలో అది ఇంచుమించు సగము! చెరువులు అలుగులు పారెను, కట్టలు తెగెను. మెదకునుండి ఎల్లారెడ్డికి పోవు బాట కోసుకొనిపోయెను. హవేలి ఘనపురము మండలములోని ధూప్‌సింగ్ తండాను నీరు చుట్టుముట్టగా జనులు మిద్దెలెక్కి ప్రాణములు కాచుకొనిరి. చిక్కుబడినవారిని బయటికి తెచ్చుటకు సైనికులు రావలసివచ్చెను.

ఆ రాత్రి అందరి భయమును పోచారము ఆనకట్టమీదనే యుండెను. మంజీరలో కలియు ఆలేరు వాగుపై 1916 మొదలు 1922 వరకు దానిని కట్టిరి. నూరేండ్లు దాటిన ఆ రాతికట్టమీదుగా, కట్టినవారు తలంచినదానికంటె ఎంతో ఎక్కువ నీరు దొర్లెను. ప్రక్కన మట్టి కోసుకొనిపోయెను గాని కట్ట నిలిచెను. నిన్న మొన్న వేసిన బాటలు కొట్టుకొనిపోయిన చోట ఆ పాతకట్ట నిలుచుట చూచి అనేకులు ఆశ్చర్యపడిరి.

అయితే చదువరీ, నా మనస్సును కలవరపెట్టునది ఆ రాత్రి కాదు; దాని తరువాతి దినములు. నీరు రెండు మూడు దినములలో తీసిపోవును. పొలములో మేటవేసిన ఇసుక తీయదు. నాటిన వరి ఇసుకక్రింద పడును. బోరుమోటారు బురదలో కూరుకొనును. ఎరువుకు తెచ్చిన అప్పునకు వడ్డీ మాత్రము నడచుచునే యుండును. కౌలుకు దున్నువాని గతి మరి కష్టము. భూమి పట్టా యజమాని పేరనుండును గనుక నష్టము వ్రాసుకొనువారి కాగితములో కౌలుదారుని పేరు తరచుగా ఉండదు. నాట్లు వేసినవాడు ఒకడు, సహాయము అందుకొనువాడు మరియొకడు.

ఆపద దినమున మన కనికరమునకు కొదువ లేదు. అన్నపు పొట్లములు, దుప్పట్లు, పాతబట్టలు బండ్లకెత్తుకొని పోదుము. అది మంచిదే. కాని పది దినములు గడచునప్పటికి బండ్లు ఆగిపోవును. ఆకలి నిజముగా మొదలగునది అప్పుడే.

మెదకు పట్టణములో మన కన్నులయెదుట నిలిచియున్న పెద్ద దేవాలయమును జ్ఞాపకము చేసికొనుము. దాని పని 1914లో ఆరంభమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసెను. అవి కరవు దినములు. మిషనరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్టుగారు ఆకలిగొన్నవారికి ఒక పూట గంజి పోసి పంపివేయలేదు. పని చూపి, కూలితో అన్నము దొరకునట్లు చేసిరి. ఆ గోపురమును చూచి దాని ఎత్తును మెచ్చువారనేకులు. దాని క్రింద పది సంవత్సరముల కూడున్నదని తలంచువారు కొందరే. పోచారము కట్ట లేచినదియు ఆ పది సంవత్సరములలోనే. ఒకటి నీటిని నిలుపుటకు, ఒకటి ప్రార్థనకు. రెండును ఓపికతో కట్టబడినవే.

మన సహాయమునకును అట్టి ఓపిక కావలెను. వరద తీసిన ఊరిలో ఒక్క ఇంటినైనను ఎన్నుకొనుము. మూడు నెలలకు పోయి, పొలములో ఇసుక తీసిరా యని అడుగుము. యాసంగికి విత్తనము లేనియెడల విత్తనమిమ్ము. కౌలుదారుని పేరు వ్రాయించుటకు కచ్చేరివరకు అతనితోకూడ నడువుము. మరల తొలకరి రాకముందే నీ ఊరి వాగులో పూడిక తీయించుము. దాని త్రోవలో గోడ కట్టువారిని వారింపుము. వాగు తన పాత త్రోవను మరువదు.

ఇవి చిన్న పనులు, ఎవరును మెచ్చుకొనని పనులు. అయినను పొరుగువాడు తిరిగి తన పొలములో నిలువగలుగునది వీటివలననే.