పత్తికొండ దారిలో పాత యమహా

గుత్తి స్టేషన్లో రైలు దిగి పత్తికొండ వెళ్ళాలంటే మీరైతే బస్సెక్కుతారు. నన్ను తీసుకెళ్ళడానికి మా అన్న యమహా ఆర్‌ఎక్స్ 100 వేసుకొచ్చాడు. నవ్వకండి. వంటల పక్క పేజీలో మోటారు సైకిలు గొడవేమిటని విసుక్కోనూ వద్దు. చీర కుచ్చెళ్ళు కాళ్ళ మధ్య అదుముకుని, కొంగు నడుముకు గట్టిగా దోపుకుని కూర్చున్నాక తెలిసింది ఆ బండి సంగతి. యాక్సిలేటరు కొద్దిగా తిప్పాడో లేదో, ఒక్క గెంతు గెంతింది!

అది 1985లో మన దేశంలోకి వచ్చింది. జపాను నుంచి తెప్పించిన విడిభాగాలతో మొదట ఎస్కార్ట్స్ వాళ్ళు ఇక్కడ బిగించేవారు. ఇంజను 98 సీసీయే. బరువు రెండు బియ్యం బస్తాలకు కాస్త ఎక్కువ, అంతే. మామూలు బండిలో పిస్టన్ రెండుసార్లు పైకీ కిందికీ ఆడితే ఒకసారి మండుతుంది. ఈ టూ స్ట్రోకు బండిలో ఆడిన ప్రతిసారీ మండుతుంది. ఆ గెంతు అందుకే. నీలం పొగ మాత్రం పెట్రోలుతో పాటు ఆయిలూ మండడం వల్ల. పొగ నిబంధనలు బిగిశాక 1996లో తయారీ ఆపేశారు.

దారిలో ఎర్రగుడి దగ్గర ఆగి బండల మీది అశోకుడి శాసనాలు చూశాం. ఆ చుట్టుపక్కల జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి పడితే జనం వజ్రాలు వెతుక్కుంటారు. మేం వెళ్ళేసరికి వానా లేదు, జనమూ లేరు.

మా చెల్లెలి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. వాడికి జపాను పాత స్పోర్ట్స్ కార్లంటే పిచ్చి. 1969లో వచ్చిన డాట్సన్ 240జెడ్ ఫొటో పంపాడు. పొడుగాటి ముక్కు, ఇద్దరికే చోటు, పిల్లల్ని ఎక్కడ కూచోబెట్టాలో మరి! "అందులో ఏముందిరా?" అంటే, "యూరప్ కార్ల సరదా తక్కువ ఖర్చులో దొరికేది పెద్దమ్మా. తాళం తిప్పితే మొరాయించదు. మూతెత్తితే ఏది ఎక్కడుందో మనకే తెలుస్తుంది" అన్నాడు. అన్న కూడా అంతే, ప్లగ్గు విప్పి పాత టూత్‌బ్రష్‌తో తనే తోముకుంటాడు.

పత్తికొండ చేరేసరికి మార్కెట్ దగ్గర టమోటా గంపలు అడ్డం. మద్రాసు గవర్నరు మన్రో దొర 1827 జూలై 6న కలరా సోకి పోయింది ఈ ఊళ్ళోనే. ఆ కబుర్లు చెబుతూనే అన్న అసలు మాట బయటపెట్టాడు. బెంగుళూరు కుర్రాడెవరో ఈ బండికి కొత్త బండి ఖరీదు ఇస్తానన్నాడట. టమోటాకు రేటు లేదు. కూతురి నర్సింగు ఫీజు ఈ నెలాఖరుకు కట్టాలి.

ఇంట్లో వదిన వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. ఆ కూతురి కాన్పుకు ఆదోని ఆస్పత్రికి ఆమె వెళ్ళింది ఈ బండి మీదే, అర్ధరాత్రి.

"నా గాజులు బ్యాంకులో పెడదాం. రేటొస్తే ఇడిపిచ్చుకుంటాం. ఈ బండి పోతే మల్ల యాడ దొరుకుతాది?" అంది వదిన. అన్న మాట్లాడలేదు.

నేనైతే బండి అమ్మేయమంటాను. గాజులకు వడ్డీ పెరుగుతుంది, బండికి రిపేర్లు పెరుగుతాయి. మీరేమంటారో కానీ, నేను ఆ మాట వదినతో అనేశాను కూడా.

ఆమె నా వంక చూడలేదు. "ఇంకో బజ్జీ ఏసుకో వదినా, సల్లారిపోతాది" అంది.