పేరు సరే... నంబరు ఎవరు చెప్పాలి?

ల్యాండ్‌లైన్ల కాలంలో ఫోను పక్కనే ఓ చిన్న డైరీ ఉండేది. మేనమామగారిల్లు, డాక్టరుగారు, గ్యాసు కంపెనీ... అందులో లేని నంబరు కావాలంటే 197కి ఫోన్ చేసి అడిగేవారు.

కంప్యూటర్లదీ అదే తంతు. మనకు పేర్లు గుర్తుంటాయి, వాటికి అంకెలే కావాలి. పేరు టైపు చేయగానే నంబరేదో ఎవరో ఒకరు చెప్పాలి. ఎవరి కంప్యూటర్లో వాళ్లు రాసుకునే డైరీ పేరు 'హోస్ట్స్ ఫైల్'. 197లా అందరికీ జవాబు చెప్పేది 'నేమ్ సర్వర్'. రెంటిలో ఏది మేలు?

ఇంటర్నెట్‌కి తాతలాంటి ఆర్పానెట్ 1969లో మొదలైంది. ఆ తర్వాత చాలాకాలం దాని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలో ఎలిజబెత్ ఫీన్లర్ అనే మహిళ బృందం దాన్ని చూసుకునేది. కొత్త కంప్యూటర్ వస్తే వాళ్లకు చెప్పాలి. వాళ్లు రాశాక మిగతావాళ్లు ఆ ఫైల్ని దించుకోవాలి. కంప్యూటర్లు వందల్లోకి చేరేసరికి, కాపీ చేసుకునేలోపే జాబితా పాతబడిపోయేది! 1983లో పాల్ మొకపెట్రిస్ 'డొమైన్ నేమ్ సిస్టమ్' రూపొందించారు. ఎవరి పేర్ల లెక్క వారిదే, కావాల్సినవారు అడిగి తెలుసుకుంటారు.

అలాగని డైరీ కనుమరుగైపోలేదు. విండోస్‌లో, లినక్స్‌లో, మ్యాక్‌లో ఇప్పటికీ ఉంది. సాధారణంగా కంప్యూటర్ ముందు చూసేది దాన్నే.

మూడు నాలుగు కంప్యూటర్లున్న ఓ రక్తపరీక్షల ల్యాబ్‌నే తీసుకోండి. వాటికి డైరీ చాలు. పైసా ఖర్చు లేదు, మరో యంత్రంతో పని లేదు. చిక్కల్లా మార్పుతోనే. రిపోర్టులు దాచే కంప్యూటర్ నంబరు మారింది. మూడింట్లో దిద్దారు, నాలుగోది మర్చిపోయారు. అంతే! అది పాత చిరునామాకే వెళుతుంది. అక్కడెవరూ లేకపోతే రిపోర్టు తెరుచుకోదు. పేషెంటు బయట ఎదురుచూస్తుంటే, తప్పెక్కడుందో వెతుక్కోవాలి. పైగా సెల్‌ఫోన్లలో ఈ డైరీని దిద్దడం తేలిక కాదు.

యంత్రాలు పదికి చేరితే, ఫోన్లూ తోడైతే సొంత నేమ్ సర్వరే నయం. ఓ పాత కంప్యూటర్ చాలు. ఒక్కచోట మారిస్తే అందరికీ మారినట్టే. కానీ అదొక్కటి ఆగిందా... తీగలన్నీ బాగానే ఉన్నా 'నెట్ పోయింది' అంటూ అందరూ లేచి నిలబడతారు. మహామహులకే తప్పలేదు. 2021 అక్టోబరు 4న నిర్వహణ పనుల్లో దొర్లిన పొరపాటుతో ఫేస్‌బుక్ నేమ్ సర్వర్లు బయటి ప్రపంచానికి అందకుండా పోయాయి. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సహా సుమారు ఆరు గంటలు అన్నీ బంద్!

మధ్యేమార్గమూ ఉంది. 'డీఎన్ఎస్‌మాస్క్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక కంప్యూటర్లోని హోస్ట్స్ ఫైల్ని చదివి, అడిగిన వాళ్లందరికీ జవాబు చెబుతుంది. అంటే డైరీ ఒక్కటే, చదివి వినిపించే మనిషీ ఉన్నాడన్నమాట. ముఖ్యమైన ఒకటి రెండు పేర్లు మాత్రం ఎవరి కంప్యూటర్లో వాళ్లు రాసుకుంటే సర్వర్ ఆగిన రోజున ఆ పనులైనా ఆగవు.

ఏది ఎంచుకున్నా ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది... రేపు నంబరు మారితే, గుర్తుపెట్టుకుని దిద్దేదెవరు? ఆ మనిషి ఎవరో తెలిస్తే సగం సమస్య తీరినట్టే!