తెలియక కాదు, వినపడక

నిమ్మనపల్లె హాస్టల్లో ఒకే గదిలో పెరిగిన మేము నలుగురం, డిగ్రీ చివరి సంవత్సరంలో ఒక పాత కంప్యూటరు ముందు వంతులవారీగా ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు కూర్చున్నాం. అవతలి సారు ప్రశ్న అడిగారు. జవాబు చెప్పాం. "తెలియదా?" అన్నారాయన. మా మాట ఆయనకు చేరనే లేదు.

మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఇలాంటివి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. మదనపల్లె పోయి నెట్ సెంటరు వెతికే టైమూ లేదు. "మైకు పనిచేయడం లేదు, పది నిమిషాలు ఇవ్వండి సార్" అని చాట్‌లో టైపు చేశాం. సరేనన్నారు.

మా సెల్‌ఫోన్ హెడ్‌సెట్ పిన్ను మీద మూడు నల్లగీతలున్నాయి. వినడం, మాట్లాడడం రెండూ ఆ ఒక్క పిన్నులోనే. పాత కంప్యూటరుకేమో రెండు రంధ్రాలు: గులాబీరంగుది మైకుకు, ఆకుపచ్చది వినడానికి. పక్కింటన్న నడిగి రెండు పిన్నుల హెడ్‌సెట్ తెచ్చి పెట్టాం. విండోస్ 10 సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద మైక్రోఫోన్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేశాం. వాయిస్ రికార్డర్‌లో మాట్లాడి విన్నాం. గొంతు వచ్చింది! అంటే మైకు మంచిదే, అడ్డం బ్రౌజర్లో ఉంది. అడ్రసు పక్కనున్న గుర్తు నొక్కి మైకుకు అనుమతిచ్చి, పేజీ మళ్లీ తెరిచాం. "ఇప్పుడు వినపడుతోంది" అన్నారు సారు.

నలుగురిలో ఒకరికే ఉద్యోగం వచ్చింది. మిగిలిన ముగ్గురం పీజీలో చేరాం. మమ్మల్ని కాదన్నది మా జవాబులు విన్నాకే. అది చాలు మాకు.

తమ్ముళ్లూ! ఇంటర్వ్యూకు ముందురోజే రికార్డర్‌లో మీ పేరు, ఊరు చెప్పి వినండి. "తెలియదా?" అని ఎవరైనా అంటే తల దించుకోకండి. ముందు మైకు చూడండి.