తాళం రోబోకు కాదు, గదికి

డిట్రాయిట్,
జులై.

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం అందింది. చుట్టుపక్కల బడులు అయిదింటిని కలిపి రోబో పోటీ పెడుతున్నావని చదివి ఎంత సంతోషించానో! తయారీకి గడువు పెట్టాలా, పోటీ రోజుదాకా పిల్లల్ని పని చేసుకోనివ్వాలా అని అడిగావు. నువ్విక్కడున్నప్పుడు దీనిమీద రాత్రిళ్ళు వాదించుకునేవాళ్ళం. నా మాట ఇప్పుడూ అదే: రోబోకు తాళం వెయ్యకు, పనిగదికి వెయ్యి.

బడిపిల్లలు రోబోలు కట్టి తలపడే ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో పాత పద్ధతి నీకు గుర్తుండే ఉంటుంది. జనవరి మొదట్లో ఆట ప్రకటించేవారు. ఆరువారాల పైచిలుకు తర్వాత, ఫిబ్రవరిలో, రోబోను ప్లాస్టిక్ సంచిలో పెట్టి నంబరున్న ట్యాగు బిగించాలి. అందరికీ ఒకటే గడువు కదా, ఇంతకన్నా న్యాయం ఏముంటుందనేవాడివి నువ్వు.

కానీ డబ్బున్న జట్లు అచ్చం అలాంటిదే రెండో రోబో కట్టుకునేవి. మొదటిది సంచిలో ఉండగా రెండోదాని మీద డ్రైవర్లు సాధన చేసేవారు, ప్రోగ్రాము సరిదిద్దుకునేవారు. విడిగా చేసిన భాగాలు 30 పౌండ్లదాకా పోటీకి తెచ్చుకోవచ్చు గనుక, రెండోదాని మీద నేర్చుకున్నది మొదటిదానికి బిగించేవారు. ఒక్క రోబోకే కిందామీదా పడిన బడి పిల్లలు మాత్రం చేతులు ముడుచుక్కూర్చునేవారు. గడువు పేదజట్టుకే గడువైంది. 2020 సీజన్ నుంచి ఆ సంచి నియమం ఎత్తేశారు. మంచిపని చేశారు.

అయినా నీ వాదనలో నిజం లేకపోలేదు. గడువుంటేనే ఏది వదులుకోవాలో పిల్లలకు తెలుస్తుంది. 2019 ఆటలో పలకలు తగిలించాలి, బంతులు వెయ్యాలి, చివర్లో మెట్టెక్కాలి. మూడూ చెయ్యబోయి ఏదీ కుదరని జట్ల కన్నా, రెండింటిని ఎంచుకుని గట్టిగా చేసినవాళ్ళు ఎక్కువ నేర్చుకున్నారు. పైగా, పోటీలు సాగినన్నాళ్ళూ పని సాగితే మాస్టార్లకు, పిల్లలకు తల ప్రాణం తోకకొస్తుంది.

అందుకే గంటలకు హద్దు పెట్టు. ఫస్ట్ పోటీకి దేశదేశాల్లో ఉన్న వేల జట్ల గదులకు తాళం వెయ్యడం ఎవరి తరమూ కాదు. అయిదు బడులకు నువ్వు వెయ్యగలవు. వారానికి మూడు సాయంత్రాలు గది తెరువు, ఆదివారం వద్దు. అందరికీ ఒకే రకం మోటార్లు, బ్యాటరీలు, ఇనప సామాను ఇచ్చి, రోబోను ఇంటికి పట్టుకెళ్ళనివ్వకు. లేకపోతే సొంత వర్క్‌షాపున్న నాన్నే గెలుస్తాడు. గది తెరిచినప్పుడు మాత్రం విప్పనీ, విరగ్గొట్టనీ, పోటీ ముందురోజైనా సరే మళ్ళీ కట్టనీ. చేసింది పనిచెయ్యకపోతే సరిదిద్దుకునే వీలుండడమే అసలు చదువు.

మార్చిలో పదో తరగతి పరీక్షలు కాబట్టి డిసెంబరులోనే పోటీ ముగించు. ఏ బడి గది తాళం ఆ బడి మాస్టారి చేతికివ్వకు, పక్కబడి మాస్టారికివ్వు. నియమాలు రాశాక నాకు పంపు, ఒక్కో మాటా చదివి జవాబు రాస్తాను.

ప్రేమతో,
నీ మిత్రుడు